‘నీ వాదమేది?’ అని టీచరు రాసి తిరిగిచ్చారంటే

తల్లీ, నీ ప్రశ్నను ముందు కుదించి చెబుతాను, చదివే మిగతావాళ్లకూ అర్థమవుతుంది. నువ్వు భీమవరం దగ్గర ఒక ఊళ్లో తొమ్మిదో తరగతి చదువుతున్నావు. ‘సంక్రాంతి కోడిపందేలు కొనసాగాలా, ఆగాలా?’ అన్న అంశం మీద రెండు పేజీల వాద వ్యాసం రాయమన్నారు. నువ్వు ఒక పేజీ నిండా లాభాలు, ఇంకో పేజీ నిండా నష్టాలు రాసి, ‘కావున మనమందరం ఆలోచించి మెలగాలి’ అని ముగించావు. మీ టీచరు ‘సమాచారం బాగుంది. నీ వాదమేది?’ అని రాసి తిరిగిచ్చారు. సోమవారానికి మళ్లీ రాసివ్వాలి. పైగా మీ నాన్నగారు, మావయ్యలు పండగ మూడు రోజులూ బరి దగ్గరే ఉంటారు కాబట్టి ఏ పక్షం రాస్తే ఇంట్లో ఏం తంటా వస్తుందోనని నీ భయం.

నేను హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. వ్యాసరచన పోటీలకు పేపర్లు దిద్దుతూ ఇలాంటివి కట్టలకు కట్టలు చదివాను. ఇందులో తప్పు పిల్లలది కాదు. ఉపోద్ఘాతం, విషయ వివరణ, లాభాలు, నష్టాలు, ముగింపు అనే చట్రాన్ని మేమే నేర్పుతాం. ‘గ్రంథాలయాల ఉపయోగాలు’ అన్న అంశానికి అది చక్కగా సరిపోతుంది, ఎందుకంటే గ్రంథాలయాలు వద్దనేవాడు ఎక్కడా ఉండడు. వాద వ్యాసంలో మాత్రం అవతల ఒక మనిషి కూర్చుని ఉంటాడు, నువ్వు చెప్పింది ఒక పట్టాన ఒప్పుకోడు. అతణ్ణి ఒప్పించడానికే నువ్వు రాస్తావు. మీ ఇంట్లోనే అలాంటి మనిషి ఉన్నాడు కదా, మీ మావయ్య. అదేదో ఇబ్బంది అనుకుంటున్నావు గానీ, ఈ వ్యాసానికి అంతకన్నా మంచి ఆసరా దొరకదు.

కాబట్టి కలం పట్టేముందు ఒకే ఒక్క వాక్యం తయారు చేసుకో. ఆ వాక్యం మీ మావయ్యకు వినిపిస్తే ఆయన ‘అదెలా కుదురుతుంది?’ అనాలి. అలా అనకపోతే అది వాదం కింద లెక్కకు రాదు. నాలుగు వాక్యాలు రాసి చూద్దాం.

‘కోడిపందేలు మన సంస్కృతిలో భాగం.’ మావయ్య తల ఊపుతారు, పందేలు వద్దనే వాళ్లు కూడా చాలామంది తల ఊపుతారు. ఇక రాయడానికేముంది?

‘కోడిపందేలు చెడ్డవి.’ ఎవరికి చెడ్డవి? కోడికా, డబ్బు పోగొట్టుకున్నవాడికా, ఇంట్లో ఎదురుచూసే ఆడవాళ్లకా? చెడ్డవైతే ఏం చేయాలి? ఏమీ తేలదు.

‘పోలీసులు పండగ మూడు రోజులూ చూసీచూడనట్టు వదిలేయకూడదు. ఉన్న చట్టాన్ని అమలు చేయాలి, లేదా ఆ చట్టాన్ని మార్చాలి.’ ఇది వాదం. కాదనేవాళ్లు చాలామంది ఉంటారు.

‘కత్తి కట్టే పందేలను, డబ్బు కాసే పందేలను పూర్తిగా ఆపాలి. కత్తి లేని డింకీ పందేలకు మాత్రం నియమాలు పెట్టి అనుమతించాలి.’ ఇదీ వాదమే. నీ ఉత్తరం చదివితే నీ మనసు దీని వైపే ఉన్నట్టు తోచింది. అయితే ఒక హెచ్చరిక. మధ్యేమార్గం పడితే ఇద్దరూ ఊరుకుంటారు అనుకుని మాత్రం దీన్ని ఎంచుకోకు. మధ్యలో నిలబడినవాడి మీదికి రెండు వైపుల నుంచీ వస్తారు. కత్తి తీసేస్తే అదేం పందెం అని మావయ్య అంటారు. కత్తి లేకపోయినా కోళ్లను పోట్లాటకు దించడం హింసే కదా అని జంతు సంక్షేమం గురించి మాట్లాడేవాళ్లు అంటారు. ఇద్దరికీ జవాబు చెప్పగలిగితేనే దీన్ని తీసుకో. మిగతా సమాధానమంతా నువ్వు ఇదే తీసుకున్నావనుకుని చెబుతాను, ఎందుకంటే నాలుగింట్లోనూ కష్టమైనది ఇదే.

వాక్యం దొరికాక సమాచారం దగ్గరికి వెళ్లు, ముందు కాదు. నువ్వు రాసిన వ్యాసంలో చాలా విషయాలున్నాయి, కానీ ఏదీ పనిలో లేదు, అన్నీ కుర్చీలేసుకుని కూర్చున్నాయి. ఒక తెల్లకాగితం తీసుకుని నీకు తెలిసిన ప్రతి విషయాన్నీ ఒక్కో వరుసలో రాయి. పక్కన ‘అయితే ఏంటి?’ అని రాసుకుని, దానికి జవాబు నింపు. ఉదాహరణకు చట్టం సంగతి తీసుకుందాం. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టంలో 11వ సెక్షన్ ప్రకారం వినోదం కోసం జంతువులనూ పక్షులనూ పోట్లాటకు ఉసిగొల్పడం నేరం, అలాంటి పోటీలు నడపడమూ నేరమే. ‘కాబట్టి కోడిపందేలు చట్టవిరుద్ధం’ అని రాసేసి ఊరుకున్నావు. అదే సెక్షన్‌లో ఇంకో సంగతి ఉంది. మొదటిసారి పట్టుబడితే జరిమానా 10 రూపాయలకు తగ్గకుండా, 50 రూపాయలకు మించకుండా. మూడేళ్లలోపు మళ్లీ పట్టుబడితే 25 నుంచి 100 రూపాయలు, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఈ 50 రూపాయల దగ్గర ఆగి ఆలోచించు. ‘చట్టమే దీన్ని పెద్ద నేరంగా చూడలేదు, మీకెందుకంత పట్టింపు?’ అని మావయ్య అనవచ్చు. ‘లక్షలు చేతులు మారే చోట 50 రూపాయల జరిమానా ఎవర్ని ఆపుతుంది? అందుకే చట్టం మారాలి’ అని నువ్వు అనవచ్చు. విషయం ఒకటే, ఇద్దరి చేతుల్లో రెండు పనులు చేసింది. ఏ విషయమూ పుట్టుకతో ఎవరి పక్షమూ కాదు, దాన్ని ఏ వాక్యం పక్కన పెట్టావన్నదే లెక్క.

నీ వాక్యంలో ‘డింకీ పందేలకు అనుమతి’ అన్న ముక్క ఉంది. పైన చెప్పిన సెక్షన్‌లో కత్తి మాటే లేదు, ఉసిగొల్పడమే నేరం. అంటే డింకీకి కూడా ఇప్పుడున్న చట్టం ఒప్పుకోదు. ఇది నీ వాదానికి పెద్ద అడ్డంకి. దాన్ని దాచకు. ‘ఇందుకు చట్టంలో మార్పు కావాలి’ అని నువ్వే ముందు చెప్పెయ్. దిద్దేవాళ్లు ఆ అడ్డంకిని కనిపెట్టి ఎత్తిచూపడం కంటే అది ఎంతో నయం.

ఇక్కడే జల్లికట్టు ముచ్చట పనికొస్తుంది. నీ వ్యాసంలో ‘తమిళనాడులో జల్లికట్టుకు సుప్రీంకోర్టు అనుమతి ఇచ్చింది, మన కోళ్లకు ఎందుకు ఇవ్వదు?’ అని ఒక వాక్యం ఉంది. మీ మావయ్య నోట విన్న మాటే అనుకుంటా, పండగ వచ్చిందంటే అందరి నోటా అదే. జరిగింది ఇదీ. 2014 మే నెలలో సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండి పందేలను నిషేధించింది. 2017లో తమిళనాడు తన రాష్ట్రం వరకు చట్టాన్ని సవరించుకుంది. కర్ణాటక కంబళ అనే దున్నపోతుల పరుగు పందెం కోసం, మహారాష్ట్ర ఎడ్లబండి పందేల కోసం అలాగే చేశాయి. 2023 మే 18న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఆ సవరణలు చెల్లుతాయని చెప్పింది. అంటే కోర్టు తనంతట తాను దయతలచి అనుమతి ఇవ్వలేదు, శాసనసభలు చట్టం మార్చుకుంటే ఆ మార్పును నిలబెట్టింది. కోడిపందేల సంగతి ఆ తీర్పులో లేదు. మన దగ్గర 2016 డిసెంబరులో అప్పటి ఉమ్మడి హైకోర్టు సంక్రాంతి పందేలు జరగకుండా చూడమని అధికారులను ఆదేశించింది. ఇంత వివరం రెండు పేజీల్లో పట్టదు, పట్టించక్కర్లేదు. ‘దారి కోర్టు గుమ్మంలో లేదు, శాసనసభలో ఉంది’ అన్న ఒక్క ముక్క చాలు, నీ వాదానికి అదే వెన్నెముక అవుతుంది.

కోట్ల లెక్కలు మాత్రం తీసెయ్. ‘ఏటా వందల కోట్లు చేతులు మారుతున్నాయి’ అని రాశావు. పత్రికల్లో ప్రతి కనుమ నాడూ ఏదో ఒక అంకె వస్తుంది. దొంగచాటు జూదానికి రసీదులుండవు, ఎవరూ లెక్క కట్టలేదు. అది అంచనా, అంతే. దాని బదులు నువ్వు కళ్లారా చూసింది రాయి. బరి చుట్టూ వేసిన షామియానాలు, లైట్లు, పక్కనే గుండాట అనే జూదం బల్లలు, తెల్లారేదాకా కదలని కార్లు. ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి తన ఊళ్లో చూసిన గుండాట బల్ల, ఎవరో ఊహించిన అంకె కంటే ఎక్కువ బరువు తూగుతుంది. ఎవరి పేరూ రాయకు, నాన్నగారి ప్రస్తావన అసలే వద్దు. ‘మా ప్రాంతంలో’ అంటే చాలు.

పల్నాటి కథ గురించి కూడా ఒక మాట. ఈ అంశం ఇస్తే ఎత్తుగడలోనే నాగమ్మ, బ్రహ్మనాయుడు దిగిపోతారు, ‘పల్నాటి కాలం నుంచీ ఉన్న ఆచారం’ అని. ఆ కథ పూర్తిగా గుర్తుచేసుకో. పందెంలో ఓడి మలిదేవుడి పక్షం ఏడేళ్లు రాజ్యం వదిలి వెళ్లింది. గడువు తీరాక రాజ్యం తిరిగి దక్కలేదు, కారంపూడిలో అన్నదమ్ములు కత్తులు దూసుకున్నారు. పందేలు ఎంత పాతవో చెప్పడానికి తెచ్చిన సాక్షి, పందెం ఒడ్డితే ఏమవుతుందో కూడా చెప్పేసి పోతాడు. పందేలు యథాతథంగా సాగాలని రాసేవాళ్లు ఆ సాక్షిని పిలవకపోవడమే మేలు. నీకైతే మహా బాగా పనికొస్తాడు, ఎందుకంటే నీ గొడవ కోడితో కాదు, ఒడ్డిన సొమ్ముతో.

ఇప్పుడు అసలైన భాగం, అవతలివాళ్ల వాదం. మన పాత శాస్త్రగ్రంథాల్లో దీన్నే పూర్వపక్షం అంటారు. ముందు ఎదుటివాడి మాటను వాడికంటే బాగా చెప్పాలి, ఆ తర్వాతే మన సిద్ధాంతం. పిల్లలు చేసేది ఏంటంటే ‘కొందరు మూర్ఖులు ఇది సంప్రదాయం అంటారు’ అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. బలహీనమైన మాటను పడగొడితే నీకు పేరు రాదు. మావయ్యను కూర్చోబెట్టి నిజంగా అడుగు: ‘పందెం ఎందుకు ఉండాలి మావయ్యా?’ ఆయన చెప్పేది వాదించకుండా రాసుకో. ఏడాదంతా పుంజును బాదంపప్పు పెట్టి పెంచామంటారు, ఈత కొట్టించామంటారు, డేగ, కాకి, నెమలి, సేతువ అని రంగు చూసి ఏ రోజు ఏది గెలుస్తుందో చెప్పే కుక్కుట శాస్త్రం ఉందంటారు, హైదరాబాదు, బెంగళూరు, అమెరికాల నుంచి కూడా ఈ మూడు రోజుల కోసం వస్తారంటారు, చికెన్ కొట్లో రోజూ తెగే కోళ్ల మీద లేని జాలి పందెం కోడి మీద ఎందుకంటారు. ఈ చివరిది గట్టి ప్రశ్న. నీ వ్యాసంలో దీనికి జవాబు లేకపోతే వ్యాసం కుంటుతుంది. నాకైతే ఇలా తోస్తుంది: తినడానికి కోయడం వేరు, నొప్పిని చూసి ఆనందించడానికి కత్తి కట్టడం వేరు. చట్టం కూడా అదే చోట గీత గీసింది, ఆహారం కోసం కోయడాన్ని నేరం అనలేదు. నీకు ఇంతకంటే మంచి జవాబు దొరికితే అదే రాయి.

గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం పండితులతో ఎలా పోరాడారో ఏదో ఒక తరగతిలో చదువుకునే ఉంటావు. గ్రాంథికమే రాయాలి అన్న పండితుల రచనల్లోంచే గ్రాంథిక వ్యాకరణానికి తప్పిన ప్రయోగాలు ఏరి వాళ్ల ముందే పెట్టారాయన. మీరు కూడా నిలబెట్టుకోలేని నియమాన్ని పిల్లల నెత్తిన ఎందుకు రుద్దుతారన్నట్టు. ఎదుటివాడు ఒప్పుకున్న దాని మీద నిలబడి మాట్లాడితే వాడికి తప్పించుకునే దారి ఉండదు. మావయ్య ‘ఇది కోడి పౌరుషం చూసే ఆట’ అన్నారనుకో, ఆ పౌరుషం మాటనే పట్టుకో. ఇలా:

“కత్తి లేకపోతే అది పందెమే కాదని మా ప్రాంతంలో చాలామంది అంటారు. కత్తి కట్టిన పందెం నిమిషాల్లో తేలిపోతుందన్న మాట నిజమే. అయితే అంత త్వరగా తేలాల్సిన అవసరం ఎవరిది? కోడి పౌరుషం చూడ్డానికి వచ్చినవాడికి పోరు ఎంతసేపు సాగితే అంత సంబరం. త్వరగా తేలాల్సింది డబ్బు కాసినవాడికి. ఒక పందెం ముగిస్తేనే అతను ఇంకో పందెం మీద కాయగలడు. కాబట్టి కత్తి వచ్చింది ఆట కోసం కాదు, జూదం కోసం. జూదం తీసేస్తే కత్తి అవసరమూ తీరిపోతుంది.”

ఇది నేను నమూనాకు రాసింది, దీన్ని దించి పంపకు. ఇందులో ఒక్క గణాంకం లేదు, ఒక్క సామెత లేదు, అయినా ముందుకు నడుస్తోంది. మొదటి వాక్యం అవతలివాళ్ల మాట. రెండోది అందులో ఒప్పుకోవాల్సినంత ఒప్పుకుంది. మూడోది ప్రశ్న, అక్కడ మలుపు తిరిగింది. తర్వాతవి కారణం. ఇప్పుడు దీన్నే మీ టీచరు కళ్లతో చదువుదాం. ‘కత్తి వచ్చింది జూదం కోసం’ అన్నాను. కత్తి ఎప్పుడు, ఎందుకు వచ్చిందో నాకు రుజువు ఉందా? లేదు. ‘కత్తి ఇంకా నిలిచి ఉన్నది జూదం వల్ల’ అంటే నా తర్కం మోయగలిగినంతే చెప్పినట్టవుతుంది. ఆఖరి వాక్యమూ అతిగా ఉంది. డింకీ పందెం మీదా డబ్బు కాస్తారు కదా అని మావయ్య వెంటనే పట్టుకుంటారు. అందుకే ‘తీరిపోతుంది’ని ‘చాలావరకు తగ్గుతుంది’ అని మార్చి, డింకీ బరిలో కూడా డబ్బు కాయనివ్వకూడదని, జూదానికి 1974 నాటి గేమింగ్ చట్టం ఎలాగూ ఉందని తర్వాతి పేరాలో చెప్పాలి. చిత్తుప్రతి దిద్దడమంటే ఇదే. పొల్లులు, ఒత్తులు సరిచూడటం తర్వాత సంగతి.

రెండు పేజీలకు పేరాలు అయిదో ఆరో వస్తాయి. మొదటి పేరా పొట్టిగా ఉండాలి, నీ వాక్యం అందులోనే వచ్చేయాలి. ‘భారతదేశం పండగలకు పుట్టినిల్లు’ అని మొదలుపెట్టావంటే దిద్దేవాళ్లు నిట్టూరుస్తారు. నేరుగా బరిలోకి దిగు: పండగ మూడు రోజులూ మా ప్రాంతంలో ఏం జరుగుతుంది, చట్టం ఏమంటుంది, నేనేమంటాను. నాలుగు వాక్యాలు చాలు. ఆ తర్వాత కత్తి ఒక పేరా, డబ్బు ఒక పేరా. ఆపైన మావయ్య ప్రశ్నలకు ఒక పేరా, అది మిగతావాటి కంటే పెద్దదైనా ఫరవాలేదు. మరో పేరాలో, డింకీ కూడా హింసే అనేవాళ్లకు జవాబు. ఇందులో నువ్వు నిజంగా తడుముకుంటావు. నియమాల్లోకి దిగితే తప్ప జవాబు దొరకదు: గాయం కనిపించగానే పందెం ఆపాలి, పశువైద్యుడు ఉండాలి, పిల్లలకు ప్రవేశం ఉండకూడదు, ఇలా. ఈ నియమాలు రాశాక కూడా నీకే తృప్తి కలగకపోతే, నీ అసలు వాక్యం మార్చుకోవాల్సి వస్తుంది. ‘అన్ని పందేలూ ఆపాలి’ దాకా వెళ్లావే అనుకో, సిగ్గుపడే పని ఏమీ లేదు. ప్రణాళిక కాగితం ఉన్నది అందుకే, అక్కడ మారితే నష్టం లేదు, ఫెయిర్ కాపీలో మారితే రాత్రంతా జాగారం.

ముగింపులో ‘కావున మనమందరం’ వద్దు. మనమందరం ఏమీ చేయం. ఎవరు ఏం చేయాలో చెప్పు: శాసనసభ ఏ ముక్క సవరించాలి, జరిమానా ఎందుకు పెంచాలి, పంచాయతీ ఏం చూడాలి. రెండు మూడు వాక్యాలు.

భాష గురించి ఎక్కువ చెప్పను, నీ తెలుగు బాగుంది. ‘మరియు’లు తగ్గించు. వాదానికి మన భాషలో మంచి పనిముట్లున్నాయి, వాటిని వాడు: ‘నిజమే, అంతమాత్రాన…’, ‘అలాగని…’, ‘పోనీ … అనుకుందాం, అప్పుడు కూడా…’, ‘ఒకవేళ … అయితే’. మీ ఇంట్లో పెద్దవాళ్లు భోజనాల దగ్గర వాదించుకునేటప్పుడు గమనించు, ఈ మాటలే వినిపిస్తాయి. ‘ఖండిస్తున్నాను’, ‘ముక్తకంఠంతో’, ‘జుగుప్సాకరం’ లాంటివి పత్రికలకు వదిలెయ్. కోపం ఎంత తక్కువ కనిపిస్తే నీ మాట అంత గట్టిగా వినిపిస్తుంది.

సామెతలు, పద్యాలు ఉండాలా అని అడిగావు. ఒకటి ఉంటే సరే, అదీ పేరా మధ్యలో పని చేస్తుంటేనే. అలంకారానికైతే వద్దు.

ఇంటి భయం సంగతి. చిత్తుప్రతి అయ్యాక మావయ్యకు చదివి వినిపించు, ‘స్కూల్లో ఇచ్చారు, ఎక్కడ తప్పుందో చెప్పు’ అని. అలా అడిగితే ఏ మావయ్యా కోప్పడడు, పైగా హుషారుగా తప్పులు పడతాడు. ఆయన ఎక్కడ అడ్డుపడితే అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టుకో, ఆ చోట నీకు ఇంకో వాక్యం కావాలి. అడ్డుపడకుండా విన్న చోట తీసేయాల్సినవి కూడా ఉంటాయి, ఇద్దరికీ ముందే తెలిసిన విషయాలవి. ‘మరి బండలాగుడు పందేల సంగతేంటి?’ అని అడిగితే మాత్రం దాన్ని ఇందులోకి తేకు. అది ఇంకో వ్యాసం, దానికి ఇంకో రెండు పేజీలు కావాలి.